నూతిలో తాబేలు, గరాజ్ ముందు తాబేలు

ఈ ఉదయం అమెరికాలో, అల్ఫారెట్టాలోని మా గరాజ్ ముందు పెద్ద స్నాపింగ్ టర్టిల్ ఒకటి నోరు తెరుచుకుని కూర్చుంది. ఆఫీస్‌కి బయల్దేరిన మా ఆయన కారు ఆపేసి, "తాబేలు ఇంటికొస్తే అరిష్టం. అసలే వీసా స్టాంపింగ్ ఉంది. ఎవరికైనా కాల్ చేసి తీయించెయ్" అన్నారు.

మీ నూతిలోనూ తాబేలు ఉండేదా? చిన్నప్పుడు మా ఊళ్ళో మా నూతిలో, పురుగుల్ని తింటుందని మా నాయనమ్మ ఒకదాన్ని వేసింది. చేద దించితే దాని డిప్పకి తగిలి టక్కుమనేది. ఒక్కోసారి నాచు వాసనతో చేదలోనే పైకి వచ్చేసేది. "మెల్లగా దించవే, నుయ్యి దానిది" అనేది నాయనమ్మ. ఆ నీళ్ళు తాగే పెరిగాం. ఏ అరిష్టమూ రాలేదు.

నేనెవరికీ కాల్ చెయ్యలేదు. అది కదిలేదాకా కారూ కదలదని చెప్పాను.

"మరి స్టాంపింగ్?" అన్నారాయన.

"స్టాంపింగ్ మనకి కావాలి. తాబేలు ఇక్కడే పుట్టింది" అన్నాను.