చింతపండుతో తోమిన ఏసీ

మా ఏసీని పాడుచేసింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఎల్లాజీ గురించి రాయాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి, లేకపోతే ఆ మనిషి నాకు చేసిన మేలు ఎంతటిదో ఎవరికీ అంతుపట్టదు. నా నోరు మంచిది కాదని ఉక్కునగరంలో మా సెక్టారంతా ఎరుగుదురు. ఎల్లాజీ విషయంలో ఆ నోరు ఎంత జారిందో కూడా దాచకుండానే చెబుతాను.

మా అమ్మాయి జ్యోతిర్మయికి ఆరేళ్ళు. పుట్టుకతోనే దాని ఒంట్లో చెమట గ్రంథులు లేవు. ఎండలో తిరిగితే మనకి చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది కదా, దానికి ఆ వీలు లేదు. గది వేడెక్కితే దాని ఒళ్ళూ వేడెక్కిపోతుంది, ఫిట్స్ దాకా వెళ్ళే ప్రమాదం ఉందని డాక్టరుగారు చెప్పారు. మా ఆయన దేవీప్రసాద్‌ది స్టీల్ ప్లాంటులో ఫర్నేస్ దగ్గర పని. ఆయన రోజుకి మూడు చొక్కాలు తడిపేస్తాడు, కూతురికి మాత్రం నుదుటి మీద ఒక్క చుక్క రాదు. అందుకని మా ఇంట్లో ఏసీ అంటే సుఖం కాదు, మందు. మార్చి నుంచి అక్టోబరు దాకా జ్యోతి గదిలో అది నడుస్తూనే ఉండాలి.

ఆ ఏసీని చూసుకునేవాడు ఎల్లాజీ. నలభై అయిదేళ్ళుంటాయి. భీమిలి దగ్గర చేపలు పట్టేవాళ్ళ ఊరు ఆయనది. తండ్రీ అన్నలూ వేటకెళ్ళేవాళ్ళే. ఈయనకి మాత్రం సముద్రం పడదు! పద్నాలుగో ఏట తండ్రి పడవెక్కిస్తే, మొదటి అల దాటకముందే పేగులన్నీ బయటికొచ్చేంత వాంతులట. మూడుసార్లు తీసుకెళ్ళి, మూడోసారి తండ్రి వల వెయ్యకుండానే పడవ వెనక్కి తిప్పుకొచ్చాడట. ఊరంతా నవ్వింది. తల్లి గంగాలమ్మ మాత్రం నవ్వలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని విశాఖ ఫిషింగ్ హార్బరుకి తీసుకొచ్చి, ఐస్ ఫ్యాక్టరీలో పనికి పెట్టింది. పెద్ద పెద్ద మంచు దిమ్మలు తయారయ్యే చోట, గొట్టాల మధ్య, చల్లదనం ఎలా పుడుతుందో అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత ఐటీఐ చదివి, ఫ్రిజ్‌ల షాపులో పనిచేసి, ఇప్పుడు దువ్వాడలో ఇల్లు తీసుకుని స్కూటరుకి నిచ్చెన కట్టుకుని తిరుగుతాడు.

ఆయన పద్ధతే వేరు. ఇంట్లోకి రాగానే పానా తియ్యడు. ఏసీ ఆన్ చేయించి, కింద నిలబడి కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు చప్పుడు వింటాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. “ఏటి ఎల్లాజీ, ఏసీకి దణ్ణం పెడతన్నావా?” అనేదాన్ని. “లేదమ్మా, అదేటి సెప్తాదో ఇంటన్నాను” అనేవాడు. పని అయ్యాక బయటి యూనిట్‌ని మంచినీళ్ళతో కడిగి తీరేవాడు. ఒడ్డుకొచ్చిన పడవ ఇంజనుని ఉప్పు పోయేలా కడుగుతారట, ఆ అలవాటు.

ఇక నా నిర్వాకం. ఉగాదికి ఇల్లు దులుపుతూ, ఎల్లాజీ విప్పగా చూసి ఉన్నాను కదా అని లోపలి యూనిట్ కవరు నేనే ఊడదీశాను. పక్కన వంపులు తిరిగిన రాగి గొట్టాలు నల్లగా కనిపించాయి. మా ఇంట్లో రాగి చెంబు నల్లబడితే ఏం చేస్తాం? చింతపండు, ఉప్పు కలిపి రుద్దుతాం. నేనూ అదే చేశాను. స్టూలెక్కి గంటసేపు రుద్దాను. గొట్టాలు పూజ చెంబులా మెరిశాయి. గోడకున్న దాన్ని బోర్లించి కడగలేం కాబట్టి తడిగుడ్డతో తుడిచి కవరు పెట్టేశాను. ఎంత పొంగిపోయానో చెప్పలేను. మా ఆయనకి చెబితే తిడతాడని చెప్పలేదు.

నెల తిరగకుండానే చల్లదనం తగ్గింది. ఎల్లాజీ వచ్చి గ్యాస్ పోయిందని చూసి, సబ్బు నురగ రాసి ఒకచోట లీకు పట్టుకుని అతుకు వేసి, గ్యాస్ నింపి వెళ్ళాడు. ఇరవై రోజులకి మళ్ళీ లీకు, మళ్ళీ అతుకు, మళ్ళీ గ్యాస్. ఈసారి నా నోరు ఊరుకోలేదు. వరండాలో నలుగురూ వింటుండగానే అనేశాను. “పసిపిల్ల రోగం అడ్డెట్టుకుని బతుకుతావేటి? కావాలనే లీకు ఒదిలేసి పోతన్నావు. నాకు తెలీదనుకుంటన్నావా?”

ఎల్లాజీ మొహం మాడిపోయింది. “నాను అలాటోణ్ణి కాదమ్మా” అని మాత్రం అని, పానాలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంక రాడనే అనుకున్నాను.

మే నెల మూడో వారంలో, పొద్దున్న తొమ్మిదింటికి ఏసీ ఉట్టి గాలి కొట్టడం మొదలుపెట్టింది. బయట వడగాలి. పదకొండయ్యేసరికి జ్యోతి బుగ్గలు ఎర్రబడ్డాయి. జ్వరం కొలిస్తే నూటొకటి. డాక్టరుగారికి ఫోన్ చేశాను. “తడిగుడ్డలు మారుస్తూ ఉండండి, గది చల్లగా ఉంచండి, నూట రెండు దాటితే మాత్రం వెంటనే తీసుకొచ్చెయ్యండి” అన్నారు. మా ఆయన పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు, ఫోను లాకర్లో ఉంటుంది. ఏసీ ఉన్న పక్కింటివాళ్ళు పెళ్ళికి ఊరెళ్ళారు. నలుగురు మెకానిక్‌లకి ఫోన్ చేస్తే రేపంటే రేపన్నారు. ఇక సిగ్గు చంపుకుని ఎల్లాజీకి చేశాను. “పాప...” అన్నాను.

“వత్తన్నానమ్మా” అన్నాడు. పావుగంటలో గుమ్మంలో ఉన్నాడు.

ఈసారి కళ్ళు మూసుకుని వినలేదు. కవరు విప్పి టార్చి వేశాడు. నేను మంచం మీద కూర్చుని పిల్లకి గుడ్డలు మారుస్తూ ఆయన చేతులకేసే చూస్తున్నాను. గొట్టాల వంపుల దగ్గర పచ్చటి చిలుము పట్టేసి ఉంది. రేకుల సందులోంచి ఏదో లాగాడు. చింతపండు పీచు. ఎండి, నల్లబడి, వేలెడు పొడవుంది. ఎల్లాజీ ఆ పీచుని చూశాడు, నావైపు చూశాడు, ఏమీ అనకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

“ఈ కాయిల్ పనైపోనాదమ్మా. సూదిమొన బొక్కలు శానా పడ్డాయి. ఎన్నని అతుకుతాం? లోపలి యూనిట్ మొత్తం మార్సాల. గాజువాకలో దొరుకుద్ది, కానీ తెచ్చి బిగించేసరికి మూడు గంటలు పడద్ది.”

“మూడు గంటలా! ఓలమ్మో, ఈలోగా దీనికేటన్నా అయితే?” అని అరిచేశాను.

ఆయన అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అవతల బావమరిది ఉమామహేష్, హార్బరులో అదే ఐస్ ఫ్యాక్టరీలో పని. “బావా, నానే. ఐసు నలగ్గొట్టి నాలుగు పెట్టెల్లో ఏసి, ఆటోలో ఎట్టుకుని ఉక్కునగరం వచ్చీ. సేపలకి కాదెహె! పిల్లకి. బేగి రా!”

ముప్పావుగంటలో నాలుగు థర్మాకోల్ పెట్టెలు దిగాయి. నేను దేవుడి గదికి కిలోమీటరు దూరంలో కూడా నీచు వాసన రానివ్వని మనిషిని. ఆ పెట్టెలు మూత తీస్తే హార్బరంతా మా ఇంట్లోకొచ్చినట్టుంది. ఎవడికి కావాలి వాసన! పెట్టెల్ని టేబుల్ ఫ్యాను ముందు పెట్టి, తలుపులు మూసి, కిటికీలకి తడి దుప్పట్లు కట్టాడు ఉమామహేష్. ఎల్లాజీ అప్పటికే గాజువాక పరుగెత్తాడు. పావుగంటకి జ్యోతి కళ్ళు తెరిచి, ముక్కు ముడిచి, “అమ్మా, సేపల కూరొండుతున్నావా?” అంది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు. జ్వరం నూటొకటి దగ్గరే ఆగింది, పైకి పోలేదు.

కొత్త యూనిట్ వచ్చింది. పాతది దించి, కొత్తది గోడకెక్కించి, గొట్టాలు బిగించాడు. హమ్మయ్య అనుకునేలోపు ఒక చిన్న పంపు తగిలించి కింద కూర్చున్నాడు. గొట్టాల్లో ఉన్న గాలీ తడీ అంతా లాగెయ్యాలట, అరగంట పడుతుందట. పెట్టెల్లో ఐసు కరిగి నీళ్ళవుతోంది. నేను ఆగలేకపోయాను. “ముందు ఆన్ చెయ్ ఎల్లాజీ! అదేదో రేపు చేసుకో!”

“తడి ఉండిపోతే కంప్రెసర్ పోద్దమ్మా. ఈరోజు గట్టెక్కుతాం, మళ్ళీ వారానికి ఇదే గోల. నువ్వు గుడ్డ మార్సు.”

గొంతు పెంచలేదు, పంపు మీంచి చూపూ తిప్పలేదు. నేను గుడ్డ మార్చాను. అరగంట నా జీవితంలో అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. తర్వాత గ్యాస్ వదిలి, ఆన్ చేసి, చెయ్యి పైకెత్తి గాలి చూసుకుని, “వచ్చింది” అన్నాడు. మూడింటికి జ్యోతి ఒళ్ళు మామూలైంది. పెరుగన్నం అడిగి తింది.

అప్పుడే మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. సంగతంతా విని కంగారుగా అడిగాడు. “అసలెందుకు పోయింది ఎల్లాజీ? మొన్నమొన్ననే కదా బాగుసేసావు?”

పీచు ఎల్లాజీ జేబులోనే ఉంది. వరండాలో నలుగురి ముందు నేనన్న మాటా ఆయన గుండెలో ఉండే ఉంటుంది. తీసి చూపిస్తే చాలు, లెక్క సరిపోతుంది.

“తొమ్మిదేళ్ళ పాతది సారూ. సముద్రం గాలికి గొట్టం ముందే పల్సబడిపోనాది. దానికి ఆయువు సెల్లిపోయింది” అన్నాడు ఎల్లాజీ, పానాలు సర్దుకుంటూ.

నేను ఆ రాత్రే మా ఆయనకి నిజం చెప్పేశాను. కాసేపు గుడ్లురిమి, “రాగి చెంబనుకున్నావా!” అని నవ్వేశాడు. మర్నాడు ఇద్దరం దువ్వాడ వెళ్ళి, నేను వాళ్ళ వీధిలో నలుగురూ వింటుండగానే తప్పైపోయిందని చెప్పుకున్నాను. ఎల్లాజీ నా కంటే ఎక్కువ సిగ్గుపడి లోపలికెళ్ళిపోయాడు. వాళ్ళావిడ టీ ఇచ్చి పంపింది.

కానీ ఒక్క ప్రశ్న నన్ను తొలుస్తూనే ఉంది. వానలు పడ్డాక సర్వీసింగుకి వచ్చి, పెరట్లో ఫిల్టర్లు కడుగుతుంటే అడిగేశాను.

“మా ఆయన ముందు దాచావు, సరే. ఆయనింకా రాకముందు, మనం ఇద్దరమే ఉన్నప్పుడు నన్నెందుకు అడగలేదు ఎల్లాజీ? నా మొహాన కొట్టినట్టు అడగొచ్చు కదా. అంత మాటన్నాను నిన్ను.”

ఆయన కుళాయి సన్నగా తిప్పాడు.

“కోపం రాలేదని సెప్పనమ్మా, వచ్చింది. కానీ ఆ టయానికి నాను అడిగేత్తే నువ్వేటి సేత్తావు? నా వల్లే, నా వల్లేనని గుండెలు బాదుకుంటా కూకుంటావు. ఆ పిల్లకి గుడ్డ మార్సేది ఎవులు? ఆ పూట దానికి అమ్మ కావాలి. తప్పు సేసిన మనిషితో దానికేటి పని?”

ఇంతా నోరున్నదాన్ని, పమిట కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగిపోయాను. నేను ఏడవడం అయ్యేదాకా ఎల్లాజీ తలెత్తకుండా, కడిగిన ఫిల్టరునే మళ్ళీ మళ్ళీ కడుగుతూ కూర్చున్నాడు.