మా బావ, ఢిల్లీ రాజ్యాంగం, మునసబు చీటీ

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మా బావ గురించి చదివేదెవరు? ఉన్నన్నాళ్లూ నేను రాసిన ప్రతి వాక్యానికీ వంక పెట్టేవాడు. ఇక పెట్టడు గనుక రాస్తున్నాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం పోయాడు.

తెలియనివారికి ఒక సంగతి చెప్పాలి. సర్కారు రాసిపెట్టిన నేరస్తుల జాబితాలో మా కులం మొత్తం ఉంది. దొంగతనం చేయనక్కర్లేదు, పుడితే చాలు. రోజూ పొద్దుగూకే వేళకు గిద్దలూరు ఠాణాలో వేలిముద్ర వేయాలి. పొలిమేర దాటాలంటే మునసబు చీటీ రాసివ్వాలి. మా పొలిమేర సగిలేరు. ఎండాకాలంలో మేకపిల్ల కూడా కాలు తడవకుండా దాటిపోతుంది.

బావ చిన్నప్పుడు మిషను బడిలో చదివాడు. ఠాణాలో హెడ్డు కానిస్టేబులుకు చూపు తగ్గినా, ముసలివాడంటారని అద్దాలు పెట్టుకోడు. దూరపు చూపు ఆనకపోయినా, ఆ భయం నాకూ ఉండేది. ఒకసారి మా గేదె అనుకుని రెడ్డిగారి గేదెను తోలుకొచ్చాను. జాబితాలో ఉన్నవాడు చేయదగిన పొరపాటు కాదది. హాజరు వేళలోపు బావే దాన్ని తిరిగి కట్టేసి వచ్చాడు, దారి పొడవునా నన్ను తిట్టుకుంటూ.

హెడ్డుకు పత్రిక చదివి వినిపించే పని బావది. ఠాణా అరుగు మీద మేము వరుసలో నిలబడి ఉంటే, బావ అక్షరాల కింద వేలు నడిపిస్తూ చదివేవాడు, వెనక నుంచి నేను చూస్తానని. నా చదువంతా అదే.

ఢిల్లీలో పెద్దలు రాజ్యాంగం రాయడానికి కూర్చున్నారని తెలిశాక ఆయనకు వేరే వార్త రుచించలేదు.

"అందరూ సమానమనేది ఫ్రాన్సు వాళ్ల తలంపంట అయ్యా. హక్కులు కాగితం మీద పెట్టుకునింది అమెరికా వాళ్లంట."

"మనదేమీ లేదంట్రా?" అన్నాడు హెడ్డు.

"బౌద్ధుల మైత్రి ఉండాదంట. ఈడ పుట్టి, బయటికి పోయి బాగుపడింది."

"చీటీ లేకుండానే పోయిందా బావా?" అన్నాను.

హెడ్డు నవ్వాపుకున్నాడు. "నోరు మూసుకుని వేలు పెట్టండ్రా."

ఇంటికి వస్తూ బావ అన్నాడు: "ఆ తలంపులు సముద్రాలు దాటి వచ్చినాయిరా. నేను ఏరు దాటలేకపోతిని."

ఆ మాట దేనికో నాకు తెలుసు. మా అక్క తన కూతురి కాన్పుకని చీటీ మీద అవతలి పల్లెకు పోయి, జ్వరంతో అక్కడే చనిపోయింది. కబురు వచ్చేసరికి మునసబు మార్కాపురంలో ఉన్నాడు. చీటీ మూడో నాటికి చేతికొచ్చింది. బావ చేరేసరికి పూడ్చిన మట్టి ఆరిపోయింది.

"పుట్టడం నేరం కాదని ఒక్క వాక్యం రాస్తే చాల్రా. ఎవరినీ అడక్కుండా పోయి మీ అక్క కాడ కూసుంటా" అనేవాడు.

బావ దగ్గుతో మంచం పట్టాక పత్రిక చదవడం నా వంతయింది. రోజూ అదే ప్రశ్న.

"రాసినారా?"

"ఇంకా మాట్లాడుతుండారు బావా."

"మాట్లాడనీలే. తొందరపడితే మనల్ని మర్చిపోతారు."

పోయే ముందు, అక్క పక్కనే పెట్టమన్నాడు. సోమవారం పొద్దున మునసబు దగ్గరికి పోయాను.

"ఎంతమంది?" అన్నాడు.

"మోసేవాళ్లం నలుగురం."

ఆయన ఐదు పేర్లు రాశాడు, బావది మొదట. కింద, పొద్దుగూకేలోపు తిరిగి రావాలని రాశాడు.

ఏరు దాటి, అక్క పక్కన పూడ్చి, హాజరు వేళకు ఠాణా చేరాం. చీటీలో ఐదు పేర్లుంటే నలుగురే వచ్చినారేందని హాజరు రాసే రైటరు అడిగాడు. చెప్పాను. రాసుకున్నాడు.