తడిస్తే బిగిసే నడికట్టు

ముత్యానిది మెట్‌పల్లి పక్క పల్లె. పదకొండేళ్లు కువైట్‌లో ఉన్నాడు. అక్కడి వాళ్లు చలికాలంలో ఎడారికి పోయి గుడారాల్లో గడుపుతారు. ఆ గుడారాలు ఎత్తడం, దించడం అతని పని. నిరుడు ఇంటికి వచ్చాక మళ్లీ పోవాలనిపించలేదు. కానీ ఊళ్లో పని దొరకలేదు. ఏజెంటు కొత్త వీసా తయారుగా పెట్టి, సోమవారంలోగా మాట చెప్పమన్నాడు.

చేతిలో ఉన్న ఒకే ఆశ శ్యాంసుందర్ ఇచ్చిన పని. ఖానాపూర్ అవతల, రెండు గట్ల మధ్య నుంచి వాగు ఇరుకుగా దూకి చెరువులో పడే చోట అతను టూరిస్టుల కోసం విడిది కడుతున్నాడు. ఆరు చెక్క గదులు వడ్రంగి లింగమూర్తి చేశాడు. నాలుగు గుండ్రటి గుడారాలు ముత్యం వంతు. చుట్టూ వెదురు జాలీ దడి, పైన గొడుగు కమ్ముల్లా వాసాలు, అవన్నీ కలిసే చోట బండి చక్రమంత చెక్క వలయం, మీద కాన్వాసు. నడుమ కంబం ఉండదు. వాసాల బరువుకు దడి బయటికి తెరుచుకోకుండా చుట్టూ ఒక నడికట్టు కట్టాలి. గుడారం ప్రాణమంతా అందులోనే. ముత్యం కువైట్‌లో కట్టినట్టే నైలాన్ తాడు లాగి కట్టాడు.

"వానలకు నిలబడితె ఏడాది పొడుగునా పని నీదే," అన్నాడు శ్యాంసుందర్.

బుధవారం గంటసేపు వాన పడింది. తాడు వదులై దడి పొట్టలా ఉబ్బింది. వలయం జానెడు కిందికి దిగింది. ముత్యం మళ్లీ బిగించాడు. గురువారం వానకు మళ్లీ దిగింది.

"శనివారం కరీంనగర్ నుంచి మనుషులొస్తున్నరు. వాళ్ల నెత్తిన పడుతదా ఏంది గిది?" అన్నాడు శ్యాంసుందర్.

లింగమూర్తి వచ్చి ముడి పట్టి చూశాడు. "ముడి మంచిగనే ఉన్నది. కువైట్ల గీ తాడే కడుతుంటివా?"

"గిదే అన్నా."

"ఆడ వానలెన్ని పడుతయి?"

"ఏడాదికి నాలుగు జల్లులు."

లింగమూర్తి ఉలి తీసుకొని తన పనికి పోయాడు.

ముత్యం రెండు మీటర్ల తాడు కోసి కొమ్మకు కట్టి, కింద రాయి వేలాడదీసి, నీళ్లు పోస్తూ కూర్చున్నాడు. గంటకు నాలుగు వేళ్లు సాగింది. గుడారం చుట్టుకొలత ఇరవై మీటర్లు. అంటే మొత్తం తాడు నలభై వేళ్లు సాగుతుంది. తన చేతి తప్పు కాదు, తాడు తప్పు. మరి తడిస్తే సాగనిది ఏముంది?

శుక్రవారం తొలి బస్సుకు ఇంటికి పోయి, నేరుగా మంచం తిరగేసి నవారు విప్పడం మొదలుపెట్టాడు. అది బాపు బతికుండగా మగ్గం మీద నేసిన నూలు నవారు.

"ఏమైంది నీకు? రాంగనే మంచం మీద పడ్డవు," అంది భార్య వినోద, ఒళ్లోని బీడీల చాట పక్కకు పెట్టి. "పిల్ల యాడ పండుకోవాలె?"

"నాలుగు రోజులు చాప మీద పండుకోనియ్యి."

ముత్యం చెప్పిన సంగతంతా తల్లి బాలవ్వ అరుగు మీద నుంచే విన్నది. "నూలుది తడిస్తె గుంజుకుంటది. నువ్వు కువైట్ల లెక్క బిగించి కడితివనుకో, నీ వెదురు దడి పటపట ఇరుగుతది. ఎండల కట్టేటప్పుడు రెండు వేళ్లు దూరనియ్యి. ఇంటున్నవా బిడ్డా?"

"ఇంటున్ననే అవ్వా."

సాయంత్రానికి విడిదికి తిరిగొచ్చి, ఒక గుడారానికి తాడు బదులు నవారు రెండు చుట్లు తిప్పాడు. పదకొండేళ్ల అలవాటు, చేయి బిగించమనే అంటుంది. రెండుసార్లు బిగించి, రెండుసార్లూ విప్పాడు. మూడోసారి వేళ్లు దూర్చి చూసి ముడి వేశాడు.

శనివారం మధ్యాహ్నం కరీంనగర్ కుటుంబం ఆ గుడారంలో సామాను పెట్టుకోగానే మబ్బు దిగింది. చెరువు అవతలి ఒడ్డు కనపడనంత వాన. ముత్యం గొడుగు లేకుండానే దడి పక్కన నిలబడి నవారు మీద చెయ్యి వేసి ఉంచాడు. మొదట రెండు వేళ్లు దూరాయి. తర్వాత ఒకటి. తర్వాత గోరు కూడా దూరలేదు. దడి చప్పుడు చేయలేదు. లోపలికి తొంగి చూస్తే వలయం ఉన్నచోటే ఉంది, దాని కింద ఒక ముసలామె కాళ్లు చాపుకొని పల్లీలు తింటోంది.

"ఏం బిడ్డా, తడుస్తున్నవు? లోపటికి రా," అందామె.

వాన వెలిశాక శ్యాంసుందర్ వచ్చి గుడారం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "మిగిలిన మూడింటికి ఎన్నడు కడుతవు?"

"నవారు తెప్పియ్యి సార్. నూలుదే కావాలె."

ముత్యం తడి బట్టలతోనే ఏజెంటుకు ఫోన్ చేశాడు. "అన్నా, నేను వస్తలేను."

"ఇసొంటి వీసా మల్ల దొరకది ముత్యం. సోచాయించుకో."

"సోచాయించినన్నా."

తర్వాత ఇంటికి చేశాడు. విన్న వెంటనే వినోద అత్త వైపు తిరిగింది. "అత్తా, ఇగ కువైట్ పోతలేడట," అని చెప్పడం ఫోన్‌లో వినపడింది. వెనక నుంచి బాలవ్వ గొంతు: "పోకుంటె మంచిదే. తిన్నడో లేదో అడుగు."

తినలేదు. ఆ పూట వంటశాలలో ముత్యం మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.