చూడని బాతుకు వంత పలికాను

ఈ ఉదయం తార్‌బహార్‌లోని మా పెరట్లో, మునగచెట్టు మీద కంసాలిపిట్ట మొదలుపెట్టింది. టుక్కు, టుక్కు, టుక్కు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా నేను కదిలితే ఒట్టు. వసంతం వచ్చిందంటే నాకిప్పటికీ కాలు నిలవదు. ఈ పిట్టల పిచ్చి అంటించినవాడు సింహాచలం బాబాయి. మాకు చుట్టం కాదు. గూడ్సు బండ్లు నడిపి రిటైరై, మా పక్కింట్లో ఉండేవాడు.

అసిస్టెంటు డ్రైవరుగా ఎంపికై, ట్రైనింగు పిలుపు కోసం నేను ఎదురుచూస్తున్న రోజులవి. హోలీ దాటితే వలస బాతులు ఉత్తరానికి వెళ్లిపోతాయని బాబాయికి ఒకటే తొందర. పొద్దున్నే నన్ను స్కూటరెక్కించుకుని మా దగ్గర్లోని కోటా ఊరి వైపు చెరువులకు తీసుకుపోయేవాడు. ఇంజన్లో డ్రైవరు సిగ్నలు చూసి పైకి చెబితే, అసిస్టెంటు తన కళ్లతో చూసి అదే మాట తిరిగి పలకాలి. పిట్టలకూ ఆయనది అదే పద్ధతి. ఇద్దరం పలికితేనే పిట్ట ఆయన నోటుబుక్కులోకి ఎక్కేది.

ఒకరోజు, "సూదితోక బాతు, ఆ తుంగ పక్కన" అన్నాడు. నాకు నీళ్ల మీద ఎండ తప్ప ఏమీ కనిపించలేదు. పెద్దాయన సంబరం చెడగొట్టడమెందుకని, "సూదితోక బాతు" అనేశాను.

"అక్కడ బాతే నేదు" అన్నాడు నెమ్మదిగా. "రేపు ఎర్ర సిగ్నల్ని నాను పచ్చంటే, నువ్వూ పచ్చంటావేటి? ఎనకాల బండంతా ఉంటాది పాపా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత మూడు రోజులు ఆయన స్కూటరు బయటికి తీయలేదు. నేనసలు ఇంజనెక్కడానికి పనికొస్తానా అని నాకు తిండి సయించలేదు. నాలుగో రోజు నేనే వెళ్లి, "పెరట్లో అయిదు పిట్టల గొంతులు విన్నాను బాబాయ్. చూసింది మాత్రం రెండే" అన్నాను.

"అచ్ఛా, పద" అన్నాడు.

ఆ పొద్దు చెరువంతా రెక్కలే. ఎటు చూడాలో తెలియక నా మెడ నొప్పెట్టింది. బాబాయి గట్టుకేసి చూపించి, "తెడ్డుమూతి కొంగ" అన్నాడు. నేను పలకలేదు.

"ఏటి, పలకవేటి?"

"అది ఉత్త తెల్లకొంగ బాబాయ్. ముక్కు సన్నగా ఉంది."

మళ్లీ పరీక్షే అనుకున్నాను. కానీ ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు, రాయబోయిన నోటుబుక్కు మూసేశాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఇది పరీక్ష కాదు, ఆయన చూపే తగ్గింది.

"ఇకనుంచి నువ్వు ముందు సెప్పు. నాను పలుకుతాను" అన్నాడు.

అవతలి ఒడ్డున నిజంగానే సూదితోక బాతులు, గుంపుకు గుంపు. "సూదితోక బాతులు" అని ఆనందం పట్టలేక అరిచినంత పనిచేశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చికిలించి ఎంతో ప్రయత్నించాడు.

"నాకు కనబడ్డం నేదు పాపా" అన్నాడు.

అంత గుంపునూ మేము పుస్తకంలో రాయలేదు. ఇప్పుడు బండి నడిపేది నేనే. కనిపించనిదాన్ని కనిపించలేదని చెప్పడానికి నాకెప్పుడూ నామోషీ అనిపించదు. అంతటి మనిషే నా ముందు ఆ మాట చెప్పాడు.