ఎండలో పెట్టిన కారు

సియాటిల్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ ఆంటీ డాక్టరుగా రిటైరయ్యారు. మబ్బు విడిచి కాస్త ఎండ పొడిస్తే చాలు, బాల్కనీలోంచి అరచెయ్యి చాపేవారు, ఎండకి నాడి చూస్తున్నట్టు. "ఊహూఁ, చాలదు," అని చెయ్యి వెనక్కి తీసుకునేవారు. దేనికి చాలదో నేనెప్పుడూ అడగలేదు.

ఓ జులైలో ఊరు మండిపోయింది. చల్లటి ఊరు కదా, మా అపార్ట్‌మెంట్లలో ఏసీల్లేవు. పార్కింగ్‌లో ఉన్న ఒక్క చెట్టునీడ కోసం అందరం పోటీపడుతుంటే, ఆంటీ తన కారుని నడిఎండలో పెట్టుకున్నారు.

తెల్లవారుజామునే లేచి ఆ నీడ నేను సంపాదించాను. కారు తీస్తే నీడ పోతుందని ఆవిణ్ణే అడిగాను.

"ఆంటీ, మీ కార్‌లో మాల్‌కి వెళ్దామా? కాసేపు ఏసీలో కూర్చోవచ్చు."

"కారు ఖాళీ లేదమ్మా."

వెళ్ళి చూద్దును కదా, అద్దాలు వేలెడంత దించి ఉన్నాయి. సీట్ల మీద, డాష్‌బోర్డ్ మీద పాత నేతచీరలు, వాటినిండా పిండి వడియాలు!

"ముప్ఫై ఏళ్ళకి వచ్చిందమ్మా ఎండ," అన్నారు వెనకే వచ్చిన ఆంటీ. "ఇంకా గిన్నెడు పిండి ఉంది. ఎండ చాలింది, కారే చాల్లేదు."

ఆవిడ చూపు చెట్టు కింద నా కారు మీద ఆగింది.

"మరి మాల్‌కి?" అన్నాను నీరసంగా.

"బస్సుంది కదా!"

నా కారు ఎండలోకి తీసి దిగేలోపే ఆ నీడలోకి ఇంకెవరో దూరారు. బస్సంతా ఖాళీ. ఆంటీ ఏరికోరి ఎండపడే సీట్లో కూర్చున్నారు, ఒళ్ళో అరచెయ్యి తెరిచి.