గరిటెడు పోపు

జర దగ్గరికి జరుగుండ్రి. పీట లేకుంటే చాప మీదనే కూసోండ్రి. ఇది గట్టిగ చెప్పే ముచ్చట కాదు. నేను మూడో తరగతి దాక చదివిన. అక్షరాలు మరిచిన గని, విన్న మాట ఒక్కటి మరువలే.

అప్పుడు మేము నాంపల్లి టేషను వెనక కిరాయి ఇంట్ల ఉంటుంటిమి. అత్తమ్మ, బావ, నా పెనిమిటి, నేను, నా తోటికోడలు. ఆమెను అక్కా అనేదాన్ని. బావ అబిడ్స్‌ల బట్టల దుకాణంల గుమస్తా. ఆయనకు, అక్కకు నాలుగేండ్ల బిడ్డ. రైలు కూతేస్తే చాలు, కిటికీ కాడికి ఉరికి "ఆగు, నేనొస్తున్న" అని రైలుకు చెప్పేది.

ఆ ఎండకాలం పిల్లకు అమ్మతల్లి పోసింది. గడపకు యాపమండలు కట్టినం. తల్లి ఇంట్ల ఉన్నన్ని దినాలు పోపు పెట్టొద్దు. నూనె చిటపటమంటే తల్లికి కోపమొస్తదని, పిల్ల ఒంటి మీది పొక్కులు మండుతయని మా నమ్మకం. ఉడకబెట్టిన పప్పు, ఉప్పు, అన్నం. గంతే.

నాకప్పుడు మూడో నెల. చప్పిడి పప్పు నోట్లె పెడితే కక్కుడే. అయిదో దినం పొద్దుగాల అత్తమ్మ పోచమ్మకు నీళ్ళు పోసి వస్తనని పోయింది. నేను గరిటెల రెండు సుక్కల నూనె పోసి, ఆవాలు, ఎల్లిపాయ ఏసిన. చిటపటమన్నది. తిరిగి చూస్తే తలుపు కాడ అక్క, చేతుల యాపకొమ్మ. లోపల్నుంచి పిల్ల అంటున్నది, "అమ్మా, మంచి వాసనొస్తుంది. నాకు గూడ."

అక్క తిట్టలే. "దబ్బున తిను. గరిటె నేను కడుగుత" అన్నది.

అత్తమ్మ గడప తొక్కంగనే వాసన పట్టింది. "ఎవరే పోపు పెట్టింది?"

నేను కంచం కొంగు కింద దాసిన.

"నేనే అత్తమ్మా. అలవాటుల చెయ్యి పోయింది" అన్నది అక్క.

"కన్నతల్లివేనా నువ్వు? బిడ్డ పానం కన్న నాలిక ఎక్కువైందా?"

అక్క తల వంచుకొని గరిటె తోముకుంటనే ఉన్నది.

మూడు దినాలకు పిల్ల పోయింది. పట్టపగలు. రైలు కూతేసింది, లేవలే.

ఇగ అప్పటిసంది అత్తమ్మకు అదే పాట. నలుగురు కూసున్న కాడ, "మా పెద్దకోడలికి జర పోపు ఎక్కువెయ్యాలె, లేకుంటే ముద్ద దిగదు" అనేది. అక్క అందరికి పోపు పెట్టి, తనకు ముందుగాలనే చప్పిడి తీసి పెట్టుకునేది. నాకు కొడుకు పుట్టిండు. వాన్ని ఎత్తుకొని తిప్పింది ఆమెనే. రేపు చెప్త, మాపు చెప్త అనుకుంట నేను ఏండ్లు గడిపిన.

ఒక కార్తీకంల గుళ్ళ పురాణం పెట్టిన్రు. సత్యం తప్పని రాజు కథ. రాజ్యం పాయె, ఆలిని అమ్ముకునె, కాటికాపరాయె. పాము కరిచిన కొడుకును ఎత్తుకొని రాణి ఆయన కాడికే వస్తది. గక్కడ పురాణం ఆపొద్దు, పిల్లగాడు లేచేదాక వినేటోళ్ళు లేవొద్దు. మా దిక్కు పద్ధతి. పంతులు గుక్క తిప్పుకోకుంట చదివి పిల్లగాన్ని లేపిండు. ఆడోళ్ళు కండ్లు తుడుచుకొని హారతి అద్దుకున్నరు. అక్క కండ్లు పొడిగనే ఉన్నయి.

ఇంటికొచ్చే తొవ్వల నేనే అడిగిన. "అక్కా, నువ్వేం పాపం చేసినవని నీకు గిట్లాయె?"

"రాజు అబద్ధమాడలే, చెల్లె. గందుకే వాళ్ళ పిల్లగాడు లేచిండు. నేనాడిన."

"నా కోసం ఆడినవు."

"ఎవరి కోసమైతేంది. దేవుడు తప్పు చేస్తడా? నాదే ఏదో ఉండాలె. గట్లనుకుంటేనే పొద్దుగాల దీపం పెట్ట చెయ్యొస్తది."

ఆమె మోసేది అత్తమ్మ దెప్పే మాటనే అనుకున్నన్ని దినాలు నేను బతికిన. బిడ్డ చావు గూడ తన మీదనే ఏసుకున్నదని తెలిసినంక నాకు అన్నం పోలే.

తెల్లారి అత్తమ్మ బియ్యంల రాళ్ళు ఏరుతున్నది. ముంగట కూసొని చెప్పిన. ఆ పోపు నాది, గరిటె నాది, తిన్నది నేను.

అత్తమ్మ చాట పక్కకు పెట్టింది. నా తల మీద చెయ్యేసింది. "నీది బంగారు మనసే. దాని పాపం నీ నెత్తినేసుకుంటున్నవు. నీ కాడ నేర్సుకోవాలె అది."

కొడుకు మీద ఒట్టేయబోతే నా నోరు మూసింది. పోయేదాక నమ్మలే. పోయేటప్పుడు గూడ నన్నే మెచ్చుకున్నది.

ఆ పొద్దు నేను లేచి వంటింట్లకు పోతే అక్క పొయ్యి ముంగట ఉన్నది. అంతా విన్నది. "ఊకో చెల్లె, పప్పు మాడుతది" అన్నది. ఎప్పటి లెక్కనే తన పప్పు పక్కకు తీసి, మిగిలినదానికి పోపు పెట్టింది.

పోపుకు పిల్ల పోతదా అని నా మనుమలు నవ్వుతరు. నిజమే కావచ్చు. అక్క ఉన్నప్పుడు ఆ మాట చెప్పినోళ్ళు లేకపోయిన్రు. ఆమె ఆఖరి దినం దాక చప్పిడే తిన్నది.

విన్నరు గద, ఇగ పోయి రాండ్రి. మీ ఇంట్ల పొద్దుమాపు పోపు చిటపటలాడాలె. ఆ వాసనకు పిల్లలు పొయ్యి కాడికి ఉరికి రావాలె. ఎవరి తప్పు వాళ్ళ నోట సమయానికి రావాలె, విన్నోళ్ళు నమ్మాలె. మీ గడప సల్లగుండాలె.