ఎడమ స్పీకరులో మామ

నేను ఏది చెప్పినా తూకానికి మించి కొసరు వేస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. చదివేవాళ్ళు ఆ మేరకు తగ్గించుకోగలరు.

మార్కాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఫోన్ మెకానిక్‌గా చేరి, టెక్నీషియన్ హోదాలో స్వచ్ఛంద విరమణ తీసుకున్న ఏడాది ఎండాకాలంలో నాకు ఆఖరి డ్యూటీ పడింది. ఉత్తర్వు ఇచ్చింది ఇంజనీరు కాదు, బేస్తవారిపేట అవతల పల్లెలో ఉండే మా మేనమామ భార్య. టంకం పెట్టేవాడు దేన్నైనా బాగుచేస్తాడని మా బంధువర్గం నమ్మకం. మిక్సీలు, టార్చిలైట్లే కాదు, ఒకసారి పొట్టేలు మెడలో గంట కూడా నాచేత రిపేరు చేయించారు.

"అల్లుడా, స్టీరియోలో గుంపు పలుకుతాంది, మీ మామ పలకటంలే. యాడికి పోయినాడో వచ్చి చూడు" అంది అత్త ఫోనులో.

మామ చెక్కభజన గురువు. ఆయన ఒక చరణం పాడితే, గుంపు చెక్కలు వాయిస్తూ దాన్ని అందుకునేది. ఒకప్పుడు ఆ పాటను రెండు మైకులు పెట్టి క్యాసెట్‌కు ఎక్కించింది నేనే. ఒక మైకు మామ ముందు, ఒకటి గుంపు ముందు. అందుకని మామ గొంతు ఎడమ స్పీకరులో, గుంపు గొంతు కుడి స్పీకరులో వచ్చేవి. తర్వాత గొంతుకు ఆపరేషన్ అయి మామకు మాట పోయింది. ఆయన గొంతు మిగిలింది ఆ క్యాసెట్‌లోనే. అది ఒకటే ప్రతి. ఇప్పుడు ఎడమ స్పీకరు పలకడం లేదు. ఎవరూ పాడని చరణాన్ని గుంపు అందుకుంటోంది.

నేను వెళ్ళేసరికి మామ మంచం మీద చెక్కలు పట్టుకుని కూర్చున్నాడు. మాట పోయాక ఆయన భాష అదే. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు.

"బాగున్నావా మామా?" అన్నాను. రెండుసార్లు కొట్టాడు.

"ఎప్పుడడిగినా అంతే. బాగుండాననేది ఆయన నోట ఎప్పుడొచ్చింది గనక!" అంది అత్త.

ఆ స్టీరియోను ఎత్తడానికి ఇద్దరు, దించడానికి నలుగురు కావాలి. స్పీకరు పెట్టెలో మేకపిల్లను కట్టేయొచ్చు. ఎక్స్ఛేంజిలో మా పద్ధతి, లైన్‌ను సగం చేసి లోపం ఏ సగంలో ఉందో చూడటం. ఇక్కడా అదే చేశాను. స్పీకర్ల వైర్లు అటువి ఇటు మార్చాను. ఎడమ స్పీకరు గుంపు పాటను శుభ్రంగా పాడింది. అంటే స్పీకరు మంచిదే, లోపం స్టీరియోలోనే ఉంది. మూత విప్పితే ఏడు తరాల బల్లులు కాపురముంటున్నాయి. ఎడమవైపు ఒక తీగ దగ్గర టంకం బీటవారింది. ఇలాంటి అతుకు కంటికి అతుక్కున్నట్టే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. కాచి అతికించి, స్పీకర్ల వైర్లు మళ్ళీ ఎప్పటిలా పెట్టాను.

"పన్లోపని క్యాసెట్ తిరిగేటప్పుడొచ్చే ఆ కిర్రు కూడా పోగొట్టు" అని అత్త కుట్టుమిషను నూనె తెచ్చింది. తిరిగే చక్రాలన్నిటికీ వేశాను. క్యాసెట్‌లోని రిబ్బనును నొక్కి లాగే రబ్బరు చక్రానికి నూనె తగలకూడదు. తగిలింది.

మా ఉద్యోగంలో మొదటి నియమం, రిపేరు చేసిన దాన్ని నడిచే లైన్ మీద పరీక్షించకూడదు. దానికి వేరే ఖాళీ లైన్ ఉంటుంది. ఇక్కడ ఆ పనికి రావలసిన పాత క్యాసెట్ మార్కాపురంలో మా అటకమీద ఉంది. రేపు తెస్తానన్నాను.

"రేపేంది? మీ మామ పొద్దున్నే గడ్డం గీసుకోని కూచ్చున్నాడు. పెట్టు."

మామ ఒకసారి కొట్టాడు. పెట్టాను.

ఎడమ స్పీకరులో మామ పాడాడు. మంచం మీది మామ తన గొంతును తడుముకున్నాడు. రెండో చరణంలో పాట సాగి, గేదె మూలిగినట్టయి ఆగింది. రిబ్బను రబ్బరు చక్రానికి చుట్టుకుంది. తీయబోతే ఇంకా చిక్కుపడింది. పరిస్తే కంభం చెరువు దాకా వస్తుంది. మొత్తం విప్పి, పెన్సిలుతో చుట్టి మళ్ళీ పెట్టాను. క్యాసెట్‌లో ఎడమ స్పీకరు పాట రిబ్బను అంచున ఉంటుంది. నలిగితే ముందు నలిగేది అంచే. గుంపు మళ్ళీ చక్కగా పలికింది. మామ ఉండాల్సిన చోట ఎండుటాకులు తొక్కినట్టు గరగర.

అప్పుడు మామ చెక్కలెత్తి, ఆ గరగర వచ్చినచోటల్లా తాళం వేస్తూ పెదవులు కదిపాడు. గుంపు ఆయన్ను అందుకుంది. "చూడు, పాడతానే ఉండాడు" అంది అత్త.

ఈ పనిలో నేను నేర్చుకున్నది, ఒకే ప్రతి ఉన్నదాన్ని పరీక్షకు పెట్టకూడదు. ముందు నకలు, తర్వాతే నమ్మకం. ముప్పై ఏళ్ళు పక్కవాళ్ళకు నేను చెప్పిన నియమమే అది.

ఇక కొసరు లెక్క. బల్లులు రెండే. స్టీరియోను అత్త ఒక్కతే ఎత్తగలదు. రిబ్బను వాకిలి దాకా కూడా రాదు. ఇవి పెంచినవి. పూర్తిగా కల్పించింది ఒక్క ఘట్టమే, ఆ గరగరకు మామ తాళం వేయడం, పాడుతూనే ఉన్నాడని అత్త అనడం. జరిగింది వేరు. గుంపు పాడుతుండగానే మామ లేచి చెక్కలను గోడకున్న కొయ్యకు తగిలించి, గొర్రెలకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. అత్త స్విచ్ ఆపింది.

అప్పటినుంచి ఏదడిగినా మామ తల ఊపుతాడు. చెక్కలు కొయ్యకే ఉన్నాయి.